సయాం మామ తన్నుల బడి

ఆ రోజుల్లో మా ఊళ్ళో మనిషికి పొరపాటున కాలు తగిలితే, ఎంత తొందర పనిమీద పోతున్నవాడైనా ఆగి, వంగి, ఆ మనిషిని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకునేవాడు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పేది కాదు. ఊహ తెలియక ముందే అమ్మ మన చెయ్యి పట్టుకుని అద్దిస్తుంది, ఆ తర్వాత చెయ్యి తనంతట తానే పోతుంది. మనిషికే కాదు, పుస్తకానికి తగిలినా అంతే, చాటకు తగిలినా అంతే. (మా జేజి, అంటే నాయనమ్మ, ఒకసారి మసకవెలుతుర్లో పిల్లిని తొక్కి, అది కాలు కరిచిన తర్వాత కూడా దానికి మొక్కుకుంది. "తప్పు నాదే కదప్పా" అని మాతో వాదించింది కూడా.) అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన ఒక కుర్రాడు మనుషుల్ని తన్నడం నేర్చుకోవాలని బయలుదేరాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఇన్నేళ్ళూ ఆ వేసవి తలుచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసి వచ్చేవి. ఈమధ్య సిగ్గు పోయి నవ్వొక్కటే మిగిలింది కాబట్టి చెప్పుకోవచ్చుననిపిస్తోంది.

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. మూతి మీద నూగైనా రాకముందే పని వెతుక్కుంటూ రంగూన్ పోయాడు. అక్కణ్ణించి యుద్ధం తరిమితే అడవులు పడి నడిచి, పక్కనున్న సయాం దేశం చేరి, ఏటిగట్టున ఒక బియ్యం మిల్లులో మూటలు మోస్తూ ఉండిపోయాడు. యుద్ధం అయిపోయి, తెల్లవాళ్ళు వెళ్ళిపోయి, ఇంక రాడులే అని మా అమ్మ ఏడవడం కూడా మానేసిన తర్వాత, ఒక మిట్టమధ్యాహ్నం రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని కుంటుకుంటూ మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ వాటేసుకుని ఏడ్చినంతసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఇల్లు నడిపే మనిషి కదా, "ఏం సంపాదిచ్చుకోనొచ్చినావురా తమ్ముడా?" అంది. మామ ఛాతీ విరుచుకుని "విద్య తెచ్చినానక్కా" అన్నాడు. పెట్టె తెరిస్తే ఎర్రటి పొట్టి నిక్కరు ఒకటి, దారాలు పేనిన తలకట్టు ఒకటి, చేతులకు చుట్టుకునే గుడ్డపట్టీలు కొన్ని ఉన్నాయి. అమ్మ మళ్ళీ ఏడ్చింది.

ఆ విద్య ఏమిటంటే సయాం దేశపు గుద్దులాట. మనవాళ్ళ కుస్తీలాగా పట్లు పట్టడం కాదు. పిడికిళ్ళు, మోచేతులు, మోకాళ్ళు, కాళ్ళు, అన్నీ కలిపి ఎనిమిది ఆయుధాలని మామ చెప్పేవాడు. మిల్లులో పని ముగిశాక తోటి కూలీల దగ్గర నేర్చుకుని, అక్కడి గుళ్ళ దగ్గర పోటీల్లో దిగి, నాలుగు డబ్బులు, నాలుగు దెబ్బలు సంపాదించాడట. చివరికి ఒక బియ్యం మూట మోకాలి మీద పడి ఆ ముచ్చట తీరిపోయింది. మా ఊరివాళ్ళు ఇందులో ఒక్క ముక్క కూడా నమ్మలేదు. "కుంటోడు తన్నినాడంట, మనం ఇనాలంట!" అని టీ హోటలు దగ్గర నవ్వుకునేవాళ్ళు. సయాం మామ అనే పేరు మాత్రం అతుక్కుపోయింది.

మామకు అప్పటికే ముప్పై దాటాయి. అమ్మ తిరగని ఊరు లేకుండా తిరిగి, వేంపల్లెలో ఒక సంబంధం చూసింది. పిల్ల నాకన్నా ఒకటి రెండేళ్ళు పెద్దది, అంతే. తండ్రి చెనక్కాయల వ్యాపారం కూడా చేసే పెద్దరైతు. ఆయన మీసాలు ఆయనకన్నా ముందే వాకిట్లోకి వచ్చేవి కాబట్టి మేమంతా మీసాలాయన అనుకునేవాళ్ళం. పిల్లను చూసి వచ్చిన పూట మామ అన్నం ముట్టలేదు. "ఏమిరా, పిల్ల బాగలేదా?" అని అమ్మ అడిగితే "బాగుండాదక్కా, అందుకే ఆకలి కాలే" అన్నాడు. నడిచిన అడవుల గురించి, పోగొట్టుకున్న మనుషుల గురించి ఎంత అడిగినా నోరు విప్పని మనిషి, ఆ సాయంత్రం అరుగు మీద నా పక్కన కూర్చుని "ఒరేయ్ అల్లుడా, నాకూ ఒక ఇల్లుంటే బాగుంటాది రా" అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అయితే మీసాలాయన చెప్పకుండా మా ఇల్లు చూడడానికి వచ్చిన రోజు మా ఖర్మ కాలింది. ఆయన దొడ్డివాకిలి వైపునుంచి వచ్చాడు. అదే సమయానికి మామ ఎర్ర నిక్కరు వేసుకుని, ఒక అరటిబోదెను వేపకొమ్మకు కట్టి, దాన్ని మోచేతులతో చితక్కొడుతూ మాకు చూపిస్తున్నాడు. ఆయన కాసేపు నిలబడి చూశాడు. మజ్జిగ కూడా తాగలేదు. "ఏమప్పా, తన్నులు నేర్చినోనికి బిడ్డనిస్తే ఆ తన్నులు ఎవురు తినాల? నా బిడ్డే కదా?" అన్నాడు. మామ ముఖం తెల్లబోయింది. "అట్లనొద్దు పెద్దాయనా. ఇది కొట్లాట కాదు. దీంట్లో గురువుండాడు, మొక్కుండాది, పద్ధతుండాది" అన్నాడు. "అట్లయితే తిరునాళ్ళలో అందరి ముందర చూపీ. చూసి చెప్తా" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. మోకాలు దెబ్బతిన్న మామ ఎలాగూ దిగలేడు. శిష్యుణ్ణి దింపాలి. శిష్యుడు గెలిస్తే పెళ్ళి, ఓడితే లేదు అని మామా నేనూ లెక్క వేసుకున్నాం. (ఆయన గెలుపు ఓటముల మాట ఎత్తనే లేదని మా ఇద్దరికీ తట్టలేదు.)

మొదట్లో ఊళ్ళో కుర్రాళ్ళు బాగానే చేరారు. కాలి ఎముక గట్టిపడాలని మామ మా అమ్మ అప్పడాల కర్రతో మా మోకాళ్ళ కింద రుద్దడం మొదలుపెట్టాక, ఒకడికి పొలంలో పని, ఒకడికి జ్వరం, ఒకడికి మేనత్త ఊరు గుర్తుకొచ్చాయి. చివరికి నేనొక్కణ్ణే మిగిలాను. ఒకటి, ఎస్.ఎస్.ఎల్.సి. తప్పి ఇంట్లో ఉన్నాను, కదిలితే నాయన మడక పట్టి దున్నమంటాడని భయం. రెండోది, మామ మీద ప్రేమ. నేనేమో చూడబోతే కందిపుల్ల. ఆ పుల్లను చూసుకుని మామ తన కాపురాన్ని కట్టుకోవాలనుకున్నాడు. (అప్పడాల కర్ర విషయం తెలిశాక అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టేసింది. ఆ ఏడు మా ఇంట్లో అప్పడాలు లేవు.)

మొదటి పాఠం నిలబడడం. ఎడమకాలు ముందుకు, కుడికాలు వెనక్కు, వెనక మడమ నేలకు ఆనకూడదు, గడ్డం దించాలి, పిడికిళ్ళు కనుబొమల దగ్గర ఉండాలి. అలా దొడ్లో గంటసేపు నిలబెడితే, దారినపోయేవాళ్ళు "ఏమప్పా, అంత ఎండగా ఉండాదా?" అని పలకరించేవాళ్ళు. తర్వాత గుద్దు. చెయ్యి ఎంత వేగంగా పోతుందో అంత వేగంగా మళ్ళీ కనుబొమ దగ్గరికి వచ్చెయ్యాలి. ఆ తర్వాత ఎదురుతన్ను, అంటే మీదికి వచ్చేవాడి పొట్టకు పాదం ఆనించి వెనక్కు నెట్టడం. "గడియ లేని తలుపును కాలితో అదిమిపట్టవా, అట్ల" అని మామ చెప్పేవాడు. అన్నిటికన్నా గొప్పది పక్కతన్ను. పాదంతో కాదు, మోకాలి కింది ఎముకతో కొట్టాలి. నేల మీది కాలు మునివేళ్ళ మీద తిరగాలి, దానితో నడుము తిరగాలి, నడుము వెంట కాలు రావాలి. "కాలితో తన్నొద్దురా, నడుంతో తన్నాల!" అని అరిచేవాడు. నేను నడుముతో తన్నబోయి చాలా రోజులు నడుము పట్టుకుని తిరిగాను.

సయాంలో ఇంటింటికీ అరటిచెట్లట. కుర్రాళ్ళు పొద్దున్నే లేచి వాటిని తన్నాకే పళ్ళు తోముకుంటారట. మా సీమలో తాగే నీళ్ళకే బిందె చంకన పెట్టుకుని నడవాలి, ఇంక అరటి ఎక్కడిది? ఎవరింట్లోనైనా పెళ్ళయితే పందిరి గుంజలకు కట్టడానికి ఎక్కడినుంచో బండిమీద తెప్పించేవాళ్ళు. పెళ్ళి ముగియగానే మామా నేనూ పోయి ఆ బోదెలు అడిగి మోసుకొచ్చేవాళ్ళం. ఒక పెళ్ళిలో అప్పగింతలదాకా ఆగలేక మామ ముందే కట్లు విప్పబోతే పెళ్ళికొడుకు తండ్రి కర్ర తీసుకుని వెంటపడ్డాడు. (మామ పరుగులో కుంటు కనిపించలేదు.) ఇంతలో మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. గోనెసంచిలో చెనక్కాయల పొట్టు దట్టించి దాన్ని తన్నుకుంటూ వచ్చాం. సంచిని తన్నడం నాకు బాగానే పట్టుబడింది.

చిక్కంతా మనిషిని తన్నేటప్పుడే వచ్చింది. మామ బొంత మడిచి రొమ్ముకు అడ్డం పెట్టుకుని "రారా, తన్ను" అన్నాడు. తన్నాను. తన్నిన కాలు నేల మీద పడగానే నా ప్రమేయం లేకుండానే నడుము వంగింది, వేళ్ళు మామను తాకాయి, కళ్ళ దగ్గరికి పోయాయి. మామ ఠపీమని నెత్తిమీద మొట్టాడు. "నువ్వు వంగితే ఎదుటోని మోకాలు నీ మొగం మీద పడతాది! తన్నినాక మొక్కొద్దు!" "నువ్వు మేనమామవు కదా మామా..." "తన్నేటప్పుడు మామా లేడు, అల్లుడూ లేడు! మళ్ళా తన్ను." మళ్ళీ తన్నాను. మళ్ళీ మొక్కాను. మళ్ళీ మొట్టికాయ. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న అమ్మకు కోపం వచ్చింది. "వాడు చేసేదే సరిగ్గా ఉండాది. మేనమామను తన్ని మొక్కకపోతే కాళ్ళు పడిపోతాయి. నువ్వు పోయిన దేశంలో అమ్మా అక్కా లేరా ఏమి?" అని తమ్ముడికి అంటించింది. మామ ఆ అలవాటు మాన్పించడానికి చెయ్యని ప్రయత్నం లేదు. నా చేతులు తువ్వాలుతో వెనక్కు కట్టి చూశాడు. తన్ని, వంగబోయి, చేతులు లేక బోర్లా పడ్డాను.

చివరికి ఒక ఉపాయం ఆలోచించాడు. ఆట మొదలయ్యే ముందు గురువుకు మొక్కే నాట్యం ఒకటి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, వాద్యాలకు తగినట్టు ముందుకూ వెనక్కూ ఊగి, లేచి చుట్టూ తిరిగి రావాలి. "ఆ మొక్కులోనే, తన్నబోయే తన్నులన్నిటికీ కలిపి ముందే క్షమించమని అడిగేసుకో. ఇంగ తర్వాత మొక్కే పనుండదు" అన్నాడు. నాకు ఇది న్యాయంగానే తోచింది.

తిరునాళ్ళ రోజు వచ్చింది. బండలాగుడు పోటీ అయిపోయి, ఎద్దుల్ని నీడకు తోలుకుపోయాక, ఆ దున్నినట్టున్న నేలలోనే మాకు జాగా ఇచ్చారు. నా ఎదుట నిలబడడానికి ఒప్పుకున్నది గుండన్న. ఉగాదికి గుండ్రాయిని భుజం మీదికెత్తి వెనక్కు పారేసే మనిషి ఆయన. మనసు మాత్రం వెన్న. నా చిన్నప్పుడు జనంలో ఏమీ కనిపించక ఏడుస్తుంటే భుజానికెత్తుకుని బండలాగుడు చూపించేవాడు. "భయపడాకు అబ్బోడా, మెల్లిగా పడేస్తాలే" అని ముందే ధైర్యం చెప్పాడు. ముందు వరసలో మంచం మీద మీసాలాయన. దూరంగా ఆడవాళ్ళు కూర్చున్న బండిలో ఆయన కూతురు. ఎర్ర నిక్కరు నాకు పెద్దదై మొలతాడుతో బిగించుకున్నాను. గురువే కట్టాలి కాబట్టి మామ నా తలకట్టు కట్టాడు. "పడినా పర్వాలేదురా. మొక్కొద్దు. అంతే" అన్నాడు. ఆయన పెళ్ళి నా కాళ్ళలో ఉందనుకుంటే ఆ కాళ్ళు నావి కానట్టు బరువెక్కాయి.

మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, ఊగడం మొదలుపెట్టాను. మెల్లగా వాయించమని మామ డప్పులవాళ్ళకు ముందే చెప్పి ఉంచాడు. కాని తిరునాళ్ళలో మనిషి ఊగుతుంటే మెల్లగా వాయించే డప్పు ఎక్కడైనా ఉంటుందా? వాళ్ళు జోరు పెంచారు. ఆ జోరుకు నా ఊపూ పెరిగింది. ఇంతలో ఎవరో ముసలామె "సామి వచ్చినాడే! పిల్లోని మీదికి సామి వచ్చినాడు!" అని కేక పెట్టింది. చూస్తుండగానే నా నెత్తిన బిందెడు పసుపునీళ్ళు పడ్డాయి, చేతిలోకి వేపమండ వచ్చింది. ఆ అవ్వ నా ముందు సాగిలపడి "సామీ, వాన ఎప్పుడు పడతాది?" అని అడిగింది. డప్పులు ఆగిపోయాయి. అంత తిరునాళ్ళూ ఒక్కసారిగా నోరు మూసుకుంది. గుండన్న కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నేను సామిని కాదవ్వా, సయాం గుద్దులాట ఆడేదానికొచ్చినా" అన్నాను గొణుగుతూ. "యా సామైతేనేమి, వాన సంగతి చెప్పు" అంది అవ్వ. మామ కేసి చూస్తే ఆయన తల పట్టుకుని ఉన్నాడు. "పడతాదవ్వా" అన్నాను, ఏం చెయ్యను? (పడింది కూడా, కొద్దిరోజులకే. ఆ అవ్వ బతికున్నంత కాలం నేను ఎదురొస్తే చెప్పులు విడిచి దణ్ణం పెట్టేది.)

ఎలాగో ఆట మొదలైంది. గుండన్న చేతులు చాపుకుని నవ్వుతూ వచ్చాడు. ఎదురుతన్ను వేశాను. ఆ పొట్టకు తగిలి నేనే వెనక్కు పోయాను. నడుము వంగబోయింది. "మొక్కొద్దు!" అని మామ కేక. పిడికిళ్ళు కనుబొమలకు అదిమిపెట్టి ఆపుకున్నాను. ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి ఎలా జరిగిందో తెలియదు, నేల మీది కాలు తిరిగింది, నడుము తిరిగింది, ఎముక పోయి ఆయన తొడకు తగిలిన చప్పుడు బండిలో ఆడవాళ్ళ దాకా వినిపించింది. గుండ్రాయి ఎత్తేటప్పుడు కూడా మూలగని మనిషి "అమ్మా!" అన్నాడు. "ఇంగొకటి! ఇంగొకటెయ్ రా!" అని మామ గంతులేస్తున్నాడు. ఇంకొకటి వేస్తే గెలిచేవాణ్ణేమో. కాని నన్ను భుజాల మీద మోసిన మనిషి నా కాలు తగిలి అమ్మా అన్నాడు. చేతులు కనుబొమలను వదిలేశాయి. వంగాను.

నేను వంగితే ఆయన మోకాలు నా ముఖం మీద పడుతుందని కదా మామ చెప్పింది! గుండన్న ఆ పని చెయ్యలేదు. చిన్నవాడు కాళ్ళకు మొక్కబోతుంటే పెద్దవాడు చేసే పనే చేశాడు. "అయ్యో, పర్వాలేదులే అబ్బోడా" అని నా చెయ్యి పట్టుకోవడానికి తనూ వంగాడు. ఇద్దరి తలలూ ఢామ్మని తగిలాయి. నేను వెల్లకిలా పడ్డాను, ఆయన చతికిలబడ్డాడు. తలలు ఒక్కసారే తగిలితే కొమ్ములు మొలుస్తాయని మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. గుండన్న పాక్కుంటూ వచ్చి, నా తల రెండు చేతులతో పట్టుకుని, తన తలకు ఇంకోసారి మెల్లగా తాకించి, "ఇంగేం కాదులే" అన్నాడు. అంతే. జనం నవ్విన నవ్వుకు నీడలో పడుకున్న ఎద్దులు లేచి నిలబడ్డాయి. ఆడవాళ్ళ బండి నవ్వులతో ఊగిపోయింది. ఎవరు గెలిచారో ఎవరూ అడగలేదు.

మామ నా తలకట్టు విప్పి పెట్టెలో పెట్టుకున్నాడు. ఇంటికి పోయేదాకా ఒక్కమాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ ఎండలో ముందు కుంటుకుంటూ పోతున్న ఆయన వీపు చూసి నేను బోరుమన్నాను. ఆయన ఆగి, నేను అందుకున్నాక, "బాగా తన్నినావురా. నడుం తిరిగింది" అన్నాడు. నా ఏడుపు రెండింతలైంది.

పొద్దు వాలక ముందే మీసాలాయన వచ్చాడు. ఈసారి ముందు వాకిలి నుంచే వచ్చి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మీసాలు తుడుచుకుని, "ఏమప్పా, తన్నినాక మొక్కేది కూడా మీ సయాం పద్ధతేనా? అదీ నువ్వే నేర్పినావా?" అని అడిగాడు. అవునని అంటే పోయేది. నేను మామ కేసి ఆశగా చూశాను. మామ తల వంచుకుని "లేదు పెద్దాయనా. అది మాన్పియ్యాలని శానా పాట్లు పడినా. నా వల్ల కాలే" అన్నాడు. ఆయన మజ్జిగ చెంబు కింద పెట్టాడు. "అది ఇనాలనే వచ్చినా" అన్నాడు. "నీ ఎనిమిది ఆయుధాలు చూసి భయపడితి. ఇన్ని దినాలు తన్నడం నేర్పినా మొక్కడం పోని ఇల్లు ఇది. ఈ ఇంటికి నా బిడ్డను పంపొచ్చు. ఇంగ దాన్నడిగితే, అది బండి దిగినప్పటినుంచి నవ్వుతానే ఉండాది, మాట యాడ చెప్తాది?" అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మామ గోడకు ఆనుకుని నిలబడి, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "అక్కా, అన్నం పెట్టు" అన్నాడు.

ఆ పెళ్ళి పందిరికి కట్టిన అరటిబోదెల్ని మాత్రం ఎవరమూ ముట్టుకోలేదు. మామ వేంపల్లెలోనే ఒక నూనెమిల్లులో పనికి కుదిరాడు. నా తర్వాత ఇంకో శిష్యుణ్ణి పెట్టుకోలేదు. నేను రెండోసారి పరీక్ష రాసి, గట్టెక్కి, ఎర్రగుంట్లలో ఉద్యోగం చేసి, ఎవరినీ తన్నకుండానే పదవీ విరమణ చేశాను. మామ పోయి కొన్నేళ్ళయింది. మొన్న అత్తను చూడడానికి వెళ్ళాను. కాఫీ తాగుతూ పాత సంగతులన్నీ తోడుకున్నాం. "మీ నాయన ఊరికే భయపడినాడు కదత్తా. పాపం మామ నీమీద ఎప్పుడన్నా చెయ్యెత్తినాడా?" అన్నాను. అత్త నా కేసి అదోలా చూసింది. "ఆయప్ప ఎత్తలే. నేను ఎత్తినా" అంది. తెల్లవారుజామున తలుపేసుకుని మామ ఆమెకు నేర్పేవాడట. ఒక్కరోజు కూడా మానకుండా, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మరీ. "కాలు మాత్రం నేర్సుకోలే. మొగునికి కాలు తగిలిచ్చేదెట్ల? పిడికిలి, మోచెయ్యి. నీకన్నా నేనే మేలంట, ఆయప్పే చెప్పినాడు."

నేను నమ్మలేక పడీపడీ నవ్వాను. ఆమె గ్లాసు కింద పెట్టి లేచింది. డెబ్బై దాటిన మనిషి, ఎడమకాలు ముందుకు వేసింది, గడ్డం దించింది, నేను నవ్వు ఆపేలోగా మోచెయ్యి వచ్చి నా పక్కటెముకల్లో దిగింది. ఊపిరి ఆగినంత పనైంది. "అయ్యో, గట్టిగా తగిలిందా అబ్బోడా?" అని వీపు నిమిరింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఆయప్ప పోయినాక ఎవుర్నీ కొట్టలే" అంది. "ఇంగొకటి కొట్టత్తా" అన్నాను.

సాయంత్రం బస్సులో పక్కటెముకలు పట్టుకుని నిలబడితే కండక్టరు కుర్రాడు "ఏం పెద్దాయనా, ఏమైంది?" అని అడిగాడు. "మా అత్త కొట్టిందప్పా" అన్నాను. ఈ వయసులో ఆ మాట చెప్పుకోగలిగేవాళ్ళు ఎందరుంటారు? చెబుతుంటే గొంతులో గర్వం నాకే వినబడి నవ్వొచ్చింది. వాడు నా తెల్లజుట్టు కేసి, నా నవ్వు కేసి ఒకసారి చూసి, ఏమనుకున్నాడో ఏమో, కిటికీ పక్కన కూర్చున్న కుర్రాణ్ణి లేపి నన్ను జాగ్రత్తగా అక్కడ కూర్చోబెట్టాడు.